చించిల్లా కేజ్ నేల: అరికాలు చూసి సమస్య పట్టుకోవడం ఎలా

చించిల్లా అంటే ఒత్తయిన బొచ్చుండే, ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువు. దాన్ని చేతిలోకి తీసుకోగానే అందరి కళ్లూ బొచ్చు మీదికే పోతాయి. కేజ్‌లో నేల బాగుందో లేదో తెలియాలంటే మాత్రం వెనక కాళ్ల అరికాళ్లు చూడాలి. ఆరోగ్యంగా ఉన్న అరికాలు నున్నగా, కాస్త మెత్తగా, బూడిద కలిసిన లేత గులాబీ రంగులో ఉంటుంది. అక్కడ బొచ్చు ఉండదు. కూర్చున్నప్పుడు ఒంటి బరువంతా వేళ్ల నుంచి మడమ దాకా ఆ పాదం మీదే పడుతుంది. కింద ఏముంటే దాని ముద్ర నేరుగా చర్మం మీదే.

అరికాలు ఎర్రబడింది, మడమ దగ్గర చర్మం గట్టిపడి పగులుతోంది

దీన్నే బంబుల్‌ఫుట్ అంటారు. ముఖ్య కారణం వైర్ మెష్ నేల. సన్నటి తీగల మీద నిలబడితే బరువు నాలుగైదు గీతల మీదే పడుతుంది, అక్కడ రక్తప్రసరణ తగ్గుతుంది. ఆ తర్వాత చర్మం కాయ కాస్తుంది, పగులుతుంది, ఆ పగులులోకి మూత్రం, పెంట చేరి చీము పడుతుంది. మెష్ లేని కేజ్‌లో ఇదే కనిపిస్తే నేల తడిగా ఉంటోందని లెక్క, లేదా జంతువు బరువు పెరిగిందని. ఎదిగిన చించిల్లా మామూలుగా 400 నుంచి 600 గ్రాములు తూగుతుంది. కొన్ని ఇంకా పెద్దవి ఉంటాయి కాబట్టి అంకె ఒక్కటే చూడకుండా ప్రతివారం వంటింటి కాటాలో తూచి రాసి పెట్టుకోవాలి.

ఇంతకీ వైర్ నేల ఎందుకొచ్చింది? 1923లో చిలీ నుంచి అమెరికాకు తెచ్చిన చించిల్లాలను పెంచింది బొచ్చు కోసం. పెంట కిందికి జారిపోతే బొచ్చు శుభ్రంగా ఉంటుంది, పాదాల సంగతి ఎవరికీ పట్టలేదు. ఇంట్లో పెంచేవాళ్లకు ఆ లెక్క అక్కర్లేదు.

పరిష్కారం: మెష్‌ను పూర్తిగా కప్పేయాలి, లేదా తీసేసి స్టీల్ ట్రే పెట్టాలి. ఎరుపు మాత్రమే ఉంటే నేల మార్చి, పొడిగా ఉంచితే రెండు మూడు వారాల్లో తేడా కనిపించాలి. వాపు, రక్తం, పుండు కనిపిస్తే అది నేలతో తీరేది కాదు, వెంటనే డాక్టర్ చూడాలి. ఒక్క హెచ్చరిక: మందుల షాపులో అమాక్సిసిలిన్ కొని నోట్లో వేయొద్దు. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే చించిల్లా పేగుల్లోని మేలు చేసే బాక్టీరియా నశిస్తుంది, ప్రాణం మీదికే వస్తుంది.

నిన్నటి దాకా గెంతింది, ఇవాళ ఒక వెనక కాలు నేలకు ఆన్చడం లేదు

ముందు అనుమానించాల్సింది ఎముక విరగడం. మోకాలి కింది ఎముక పొడవుగా, సన్నగా ఉంటుంది, చుట్టూ కండ తక్కువ. గెంతేటప్పుడు పాదం కంతలో ఇరుక్కుంటే ఒళ్లు ముందుకు పోతుంది, కాలు అక్కడే ఉంటుంది. నేలైనా, అరలైనా, ర్యాంప్ అయినా మెష్ కన్ను 15 మిల్లీమీటర్లు దాటకూడదు. స్కేలు పెట్టి కొలవండి, కంటి అంచనా వద్దు. అర చెక్కకూ కేజ్ గోడకూ మధ్య సందు కూడా కొలవాలి. చాలామంది మరిచిపోయేది అక్కడే.

హార్డ్‌వేర్ షాపులో దొరికే అరంగుళం జీఐ మెష్ కొలతకు సరిపోతుంది కానీ దాని మీద జింక్ పూత ఉంటుంది. చించిల్లా కొరకని వస్తువు లేదు, కొరికితే జింక్ విషం. పౌడర్ కోటింగ్ ఉన్నదే తీసుకోవాలి, పూత లేచిన చోట మార్చేయాలి. పరుగుల చక్రాన్నీ నేలతో సమానంగానే చూడాలి: ఊచలున్నది వద్దు, 38 సెంటీమీటర్లకు తగ్గని, అడుగు మూసి ఉన్న లోహపు చక్రం కావాలి.

పెంట ఉండలు చిన్నవయ్యాయి, తగ్గాయి. ట్రే అంచు కొరికి ఉంది

ప్లాస్టిక్ ముక్కో, గుడ్డ దారమో కడుపులోకి పోయి ఉండవచ్చు. చించిల్లా వాంతి చేసుకోలేదు, మింగింది పేగులోంచే పోవాలి. తిండి కూడా మానేస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి. ప్లాస్టిక్ ట్రే, ప్లాస్టిక్ అరలు తీసేయండి. టవల్, కాటన్ దుప్పటి, గోనెపట్టా కూడా వద్దు: పోగు ఊడి వేలికి చుట్టుకుంటే రక్తం ఆగి వేలే పోతుంది.

గుడ్డ పరచాలంటే ఫ్లీస్ (చలి దుస్తులకు వాడే మెత్తటి పాలిస్టర్ గుడ్డ) ఒక్కటే. కత్తిరించినా పోగులు ఊడవు. అయినా కుట్టు పైకి కనిపించకూడదు. ట్రే కొలత కంటే నాలుగు వైపులా 2 సెంటీమీటర్లు ఎక్కువగా రెండు ముక్కలు కత్తిరించండి. పై ముఖాలు లోపలికి వచ్చేలా ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచుకు 1 సెంటీమీటరు లోపల కుట్టండి. ఒక వైపు 15 సెంటీమీటర్లు వదిలి, దిండు గలేబులా తిరగేసి, ఆ సందు అంచులు లోపలికి మడిచి చేత్తో కుట్టేయండి. మిగిలిన అంచును ట్రే గోడ పక్కకు నొక్కి, పైన గడ్డి పెట్టె, రాతి పలక బరువు పెడితే లాగలేదు. ఫ్లీస్‌లోనే రంధ్రాలు చేసి తినే మొండి ఘటాలూ ఉంటాయి. వాటికి ఫ్లీస్ మానేసి చెక్క పొట్టే.

కేజ్ తెరవగానే ఘాటు వాసన, తుమ్ములు, కళ్లలో నీరు

ఫ్లీస్ అయితే: కొత్తది నీళ్లను పీల్చదు, మూత్రం పైనే నిలుస్తుంది. మూడు సార్లు ఉతికి, ఒక చెంచా నీళ్లు పోసి చూడండి. చుక్కలుగా దొర్లితే ఇంకోసారి ఉతకాలి. వాసన లేని సబ్బు పొడి చాలు. ఫాబ్రిక్ కండిషనర్ వేస్తే పీల్చే గుణం పోతుంది. మూడు రోజులకోసారి మార్చాలి. కోస్తాలో ముసురు పట్టినప్పుడు ఆరడానికే రెండు రోజులు పడుతుంది కాబట్టి కనీసం మూడు జతలు ఉండాలి. చెమ్మ ఉన్నది పరిస్తే మొదటి సమస్య మళ్లీ మొదలు.

పొట్టు అయితే: రంపపు పొట్టు కాదు, చిత్రిక పట్టినప్పుడు వచ్చే చెక్క పొరలు కావాలి. సన్నటి పొడి ముక్కులో, కళ్లలో చేరుతుంది. బట్టీలో ఆరబెట్టిన పైన్, ఆస్పెన్ చెక్కల పొట్టు రెండూ మంచివే, 4 సెంటీమీటర్ల మందం చాలు. సీడార్ (దేవదారు జాతి) పొట్టు వద్దు, దానిలోని నూనెలు ఊపిరితిత్తులకు, కాలేయానికి చెడ్డవి. వడ్రంగి షాపు పొట్టులో ప్లైవుడ్ జిగురు, టేకు, పాలిష్ అన్నీ కలిసి ఉంటాయి, ఊరికే ఇచ్చినా తేవద్దు. గడ్డకట్టే పిల్లి లిట్టర్ (పిల్లుల మలమూత్రాల ట్రేలో పోసే పొడి) అసలే వద్దు.

ట్రే మీద తెల్లటి పెచ్చు మూత్రంలోని కాల్షియం. వినెగర్, నీళ్లు సమంగా కలిపి పది నిమిషాలు ఉంచితే వదులుతుంది.

చెవులు ఎర్రబడి, నేలకు అతుక్కుని పడుకుంటోంది

ఇది వేడి. గది 25 డిగ్రీలు దాటితే వడదెబ్బ ప్రమాదం. రాతి పలక సాయం చేస్తుంది కానీ ఏసీకి బదులు కాదు: రాయి గది కంటే చల్లబడదు, ఒంటి వేడిని త్వరగా లాక్కుంటుంది, అంతే. 32 డిగ్రీల గదిలో రాయి కూడా 32 డిగ్రీలే.

గ్రానైట్ షాపులో వంటగది గట్టు కోయగా మిగిలిన ముక్కలు చవకగా దొరుకుతాయి. 30×20 సెంటీమీటర్లు, 2 సెంటీమీటర్ల మందం ఉన్నది మూడు కిలోల పైనే ఉంటుంది, కాబట్టి అడుగు అంతస్తులోనే పెట్టాలి. అద్దంలాంటి పాలిష్ మీద కాలు జారుతుంది, లెదర్ ఫినిష్ (తోలులా కాస్త గరుకుగా ఉండేది) అడగండి, అంచులు గుండ్రంగా రుద్దించండి. కడప, తాండూరు రాళ్లూ పనికొస్తాయి కానీ అవి సున్నపురాళ్లు. వాటి మీద పైన చెప్పిన వినెగర్ పోస్తే నురగ వచ్చి గుంటలు పడతాయి, వేడినీళ్లతోనే కడగాలి. నేలంతా రాయి పరచొద్దు. పై అరల నుంచి దూకే కాలికి గట్టి నేల మంచిది కాదు, ఒక మూలకు ఒక పలక చాలు.