భాగస్వామ్య సంస్థల తనిఖీకి బయలుదేరే ముందు

శ్రీకాకుళం జిల్లాలో గృహహింస, లైంగిక హింస బాధితులకు అండగా ఉండే సంస్థల పని చూసేవాళ్లు బండి ఎక్కే ముందు ఇవి సరిచూసుకోండి.

– బాధితుల పేర్లు అడగకండి, కేసు నంబరు చాలు. అత్యాచార బాధితురాలి గుర్తింపు ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పేరు తీసేసినా, "పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లే ఇద్దరు పిల్లల తల్లి" అని రిపోర్టులో రాస్తే ఊరంతా పోల్చేస్తుంది. ఇలాంటి వాక్యాలే ఎక్కువ ప్రమాదం. వాట్సాప్ ఫోటోలు అసలొద్దు.

– సంస్థ బోర్డున్న జీపు షెల్టర్ దాకా తీసుకెళ్లకండి.

– లైంగిక హింస బాధితురాలికి 18 ఏళ్లు నిండకపోతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకు తెలపడం తప్పనిసరి. ఈ సంగతి వంటమనిషితో సహా సిబ్బంది అందరికీ తెలుసా?

– ఇచ్ఛాపురం వైపు ఒడియా, మెళియాపుట్టి కొండల్లో సవర మాట్లాడే ఆడవాళ్లు ఉంటారు. వాళ్ల మాట ఎవరు తెలుగులో చెబుతారో ముందే కనుక్కోండి. బంధువు, ఊరిపెద్ద ఆ పనికి పనికిరారు.

– మహిళా హెల్ప్‌లైన్ 181, వన్ స్టాప్ సెంటర్ (హింస బాధిత మహిళలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) నంబర్లు గోడమీద ఉన్నాయా?

– నిధులు ఆలస్యమయ్యేలా ఉంటే దాచకుండా చెప్పేయండి. జీతం రాక కౌన్సెలర్ మానేస్తే, ఆమెను నమ్మి నోరు విప్పిన మనిషి తన బాధంతా కొత్తవాళ్లకు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.