రోష్ హషనాకు ముందు ఎలూలు మాసంలో ఆత్మపరిశీలన చేసుకునే విధానం

యూదుల కాలమానంలో ఎలూలు 29 రోజుల మాసం. అది ముగిసిన సాయంత్రమే రోష్ హషనా, అంటే నూతన సంవత్సర పర్వం, ఆరంభమవుతుంది. 2026లో ఎలూలు మొదటి తేదీ ఆగస్టు 14న, పండుగ సెప్టెంబరు 11 సాయంత్రం వస్తాయి. అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదుల) సంప్రదాయంలో శనివారాలు, పండుగ ముందురోజు తప్ప ఈ మాసమంతా ఉదయ ప్రార్థన తరువాత పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫారును ఊదుతారు. ఆత్మపరిశీలనకు కూడా ఆ ఉదయపు వేళనే కేటాయించుకుంటే క్రమం తప్పదు.

ముందుగా ఒక నోటుపుస్తకంలో గడచిన ఏడాదిని మనుషులవారీగా రాసుకోవాలి. "నాకు కోపం ఎక్కువ" వంటి వాక్యం ఎవరినీ మార్చదు. ఎవరిపై, ఏ సందర్భంలో, ఏ మాట అన్నామో రాసినప్పుడే తరువాతి పనికి దారి ఏర్పడుతుంది. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినాన్ని నిష్ఠగా పాటించేవారు ఆనాడు రాయరు కనుక శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే ఆ వారపు రాత ముగించుకోవాలి.

రాసుకున్న ప్రతి తప్పు విషయంలోనూ 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడిస్ చెప్పిన పద్ధతిని అనుసరించవచ్చు: తప్పును విడిచిపెట్టడం, పశ్చాత్తాపపడడం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం, వీటన్నింటినీ నోటితో దేవుని ఎదుట ఒప్పుకోవడం. హీబ్రూ రానివారు తమకు అర్థమయ్యే భాషలోనే ఒప్పుకోవచ్చు. గుంటూరు జిల్లాలో తెలుగే మాతృభాషగా ఉన్న బెనె ఎఫ్రాయిం అనే యూదు సమాజం వారికి ఆ భాష తెలుగే అవుతుంది.

అసలు కష్టం ఇక్కడినుండి మొదలవుతుంది. తోటి మనిషికి చేసిన అపరాధాన్ని, ఆ మనిషిని శాంతింపజేయనంతవరకు, ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ కూడా పరిహరించదని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా స్పష్టంగా చెబుతుంది. అందువల్ల పండుగ ముందురోజు "నావల్ల నొచ్చుకున్నవారందరూ క్షమించండి" అని వాట్సాప్‌లో అందరికీ ఒకే సందేశం పంపడాన్ని నేను క్షమాపణగా లెక్కించను. డబ్బు బాకీ ఉంటే ముందు దాన్ని తీర్చి, ఆ తరువాతే క్షమాపణ అడగాలి. అవతలివారు నిరాకరిస్తే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్లాలనీ, అలా మూడుసార్లు ప్రయత్నించిన తరువాత కూడా వారు మెత్తబడకపోతే ఇక విడిచిపెట్టవచ్చనీ మైమొనిడిస్ నియమం. బాధితుడు మరణించి ఉంటే పదిమందిని తీసుకుని సమాధి వద్దకు వెళ్లి అక్కడ తప్పు ఒప్పుకోవాలి. అయితే వెనుక చెప్పిన చాడీ సంగతి అవతలివారికి తెలియకపోతే, దాన్ని బయటపెట్టి కొత్తగా గాయపరచవచ్చా అన్న ప్రశ్నపై రబ్బీలలో, అంటే యూదు మతగురువులలో, ఏకాభిప్రాయం లేదు. అటువంటప్పుడు మీ రబ్బీని సంప్రదించడం మేలు.

కాబట్టి జాబితాలో అన్నింటికంటే భయం కలిగించే పేరును ఎలూలు మొదటి వారంలోనే పలకరించాలి. అప్పుడు రెండవ, మూడవ ప్రయత్నాలకు వ్యవధి ఉంటుంది. మనల్ని క్షమాపణ అడిగేవారు కూడా ఈ రోజుల్లోనే వస్తారు. వారిపట్ల కఠినంగా ఉండకూడదన్నది కూడా ఆ నియమంలో భాగమే. రోష్ హషనా నాటికి ఎవరైనా మిగిలిపోతే, 2026లో సెప్టెంబరు 20 సాయంత్రం యోమ్ కిప్పూర్ మొదలయ్యేలోపు వారిని కలుసుకోవాలి.