మోడల్ రైల్వేలో కరెంటు లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

నడుస్తున్న రైలు మధ్యలో ఆగిపోతే చాలామంది ముందు ఇంజన్‌నే విప్పుతారు. నిజానికి అది ఆఖర్న చేయాల్సిన పని. లోపం ఎక్కువసార్లు పట్టాల జాయింట్లలోనో, వైరింగ్‌లోనో, పాయింట్లలోనో (రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే చోట్లు) ఉంటుంది. ఇంకో మాట: ఇంజన్ లేని ఖాళీ పట్టా మీద మీటర్ పెట్టి 12 వోల్టులు చూపిస్తోందని ధీమాగా ఉండకండి. వెంట్రుకవాసి కాంటాక్ట్ ఉన్నా మీటర్ పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా. ఇంజన్ కరెంటు లాగగానే ఆ కాంటాక్ట్ దగ్గరే వోల్టేజీ పడిపోతుంది. అందుకే ఏ కొలత అయినా లోడ్ (కరెంటు లాగే వస్తువు) పెట్టే తీసుకోవాలి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 12 వోల్టుల డీసీతో నడిచే హెచ్‌ఓ సైజు (అసలు రైలులో 87వ వంతు) లేఅవుట్ల గురించి. డీసీసీ (ఒక్కో ఇంజన్‌కు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) వాడేవాళ్లకు తేడాలు చివర్లో ఉన్నాయి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

బీప్ కొట్టే మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి. టూవీలర్ స్పేర్ పార్ట్స్ షాపులో దొరికే 12 వోల్టుల 5 వాట్ల బల్బు, హోల్డర్, దానికి రెండు క్రొకడైల్ క్లిప్పులు. ఈ బల్బు సుమారు 0.4 ఆంపియర్లు తీసుకుంటుంది. హెచ్‌ఓ ఇంజన్ కూడా దాదాపు అంతే లాగుతుంది కాబట్టి లోడ్‌గా ఇది సరిగ్గా సరిపోతుంది. హన్మకొండలో అయినా, కరీంనగర్‌లో అయినా ఇది సులభంగా దొరికే వస్తువే. వీటితో పాటు ఇండికేటర్లలో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని బట్ట, 25 నుంచి 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లోపల రోజిన్ ఉన్న సోల్డర్ తీగ కావాలి. యాసిడ్ ఫ్లక్స్ మాత్రం వద్దు, అది కొన్నాళ్లకు వైరును తినేస్తుంది.

1. కంట్రోలర్‌ను పట్టాల నుంచి వేరు చేసి చూడండి

పట్టాలకు వెళ్లే రెండు వైర్లూ పీకేసి, 5 వాట్ల బల్బును నేరుగా కంట్రోలర్ (రైలు వేగాన్ని మార్చే నాబ్ ఉన్న డబ్బా) అవుట్‌పుట్‌కు తగిలించండి. నాబ్ తిప్పుతుంటే బల్బు మెల్లమెల్లగా ప్రకాశవంతం కావాలి. అలా వెలిగితే కంట్రోలర్ బాగానే ఉన్నట్టు. మధ్యలో టపటపమని ఆరి వెలుగుతుంటే నాబ్ లోపలి పొటెన్షియోమీటర్ అరిగిపోయి ఉంటుంది. అసలు వెలగకపోతే ఫ్యూజు, అడాప్టర్ పిన్ను చూడండి. అడాప్టర్ డబ్బా మాత్రం తెరవకండి. లోపల 230 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది.

కంట్రోలర్ పల్స్ పద్ధతిది (కరెంటును ముక్కలు ముక్కలుగా పంపేది) అయితే సగం స్పీడ్‌లో మీటర్ రీడింగ్ నమ్మదగ్గది కాదు. నాబ్ పూర్తిగా తిప్పి కొలవండి.

2. బల్బును పట్టా వెంట నడిపించండి

వైర్లు మళ్లీ కలిపి, నాబ్ పూర్తిగా తిప్పి, బల్బు క్లిప్పులను కంట్రోలర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చోట రెండు పట్టాలకూ తగిలించండి. ఇప్పుడు కంట్రోలర్ దగ్గర వోల్టేజీ, బల్బు దగ్గర వోల్టేజీ రెండూ రాసుకోండి. తేడా అర వోల్టు లోపు ఉంటే చింత లేదు. కంట్రోలర్ దగ్గర 11.5 ఉండి బల్బు దగ్గర 8.5 వచ్చిందంటే దారిలో 3 వోల్టులు పోయినట్టే. 0.4 ఆంపియర్లకు అంత పోవాలంటే దారిలో ఏడెనిమిది ఓమ్‌ల నిరోధం ఉండాలి. మంచి వైరింగ్‌లో అది అర ఓమ్ కూడా దాటకూడదు.

ఏ జాయింట్‌లో పోతోందో తెలుసుకోవడానికి బల్బును కదపకండి. మీటర్ నల్ల ప్రోబ్‌కు పొడుగు వైరు కట్టి కంట్రోలర్ టెర్మినల్‌కు బిగించండి. ఎర్ర ప్రోబ్‌ను అదే వైపు పట్టా మీద, ఒక్కో జాయినర్‌కు (రెండు పట్టా ముక్కలను కలిపే రేకుకు) ముందూ వెనకా ఆనిస్తూ బల్బు దాకా వెళ్లండి. రీడింగ్ 0.05, 0.07, 0.09 అని నెమ్మదిగా పెరుగుతూ ఒక జాయినర్ దాటగానే 1.4కు ఎగిరిందనుకోండి, దోషి ఆ జాయినరే. రెండో పట్టాకు కూడా ఇలాగే చేయండి. మైనస్ గుర్తు వస్తే పట్టించుకోనక్కర్లేదు.

జాయినర్‌ను ప్లయర్స్‌తో నొక్కి బిగించడం నాలుగు రోజుల ముచ్చటే. పట్టాలు వ్యాకోచించి సంకోచించే కొద్దీ అది మళ్లీ వదులవుతుంది. శాశ్వత పరిష్కారం ఫీడర్ వైర్లు. బల్ల కింద 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైర్లు రెండు, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి, మెయిన్ లైనుగా చుట్టూ లాగండి. ఇళ్ల వైరింగ్‌కు వాడేదే సరిపోతుంది. దాని నుంచి ప్రతి మీటరుకూ ఒక జత 0.5 స్క్వేర్ ఎంఎం ఫీడర్లు పైకి తీసి పట్టాకు సోల్డర్ చేయండి. ఒక్కో ఫీడర్ 30 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. ఎనిమిదికి నాలుగు ప్లైవుడ్ షీటు మీద వేసిన ఒక రౌండ్‌కు ఐదారు జతలు పడతాయి. నికెల్ సిల్వర్ పట్టాకు రాగి కంటే పదిహేను రెట్లకు పైగా నిరోధం ఉంటుంది, కాబట్టి కరెంటు దూరాన్ని పట్టాతో కాకుండా రాగితో మోయించాలి.

సోల్డర్ చేసేటప్పుడు ప్లాస్టిక్ స్లీపర్లు కరగకుండా రెండు వైపులా తడి దూది పెట్టండి. పట్టా బయటి వైపు గీకి, ముందు పట్టాకూ వైరుకూ విడివిడిగా సోల్డర్ పూసి, తర్వాత రెండూ కలిపి రెండు మూడు సెకన్లు వేడి చేస్తే చాలు.

3. షార్ట్ అవుతుంటే

21 వాట్ల బల్బును కంట్రోలర్‌కూ పట్టాకూ మధ్య ఒక వైరులో సిరీస్‌గా కలపండి. షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగి, కరెంటును 1.75 ఆంపియర్ల దగ్గరే ఆపుతుంది. కంట్రోలర్ కాలిపోదు, మీరు నిదానంగా వెతుక్కోవచ్చు. ముందు పట్టాల మీద ఉన్న ఇంజన్లు, బోగీలు అన్నీ తీసేయండి. బల్బు ఆరిపోతే లోపం బండిలో ఉన్నట్టు. ఇంకా వెలుగుతుంటే ఫీడర్లలో సగం విప్పండి. మీటర్ బీప్‌తో వెతికితే మిగతా ఫీడర్ల గుండా అన్నిచోట్లా బీప్ వస్తుంది కాబట్టి సగం సగం విడదీయడమే దారి. విప్పేటప్పుడు ప్రతి వైరుకూ టేపు మీద నంబరు రాసి అంటించండి.

ఎండాకాలంలో మాత్రమే వచ్చే షార్ట్ ఒకటుంది. డిసెంబర్ పొద్దున 15 డిగ్రీల చలిలో ఇన్సులేషన్ కోసం పట్టా కోసి సందు పెట్టారనుకోండి. మే నెలలో వరంగల్ మేడ మీది గది 42 డిగ్రీలకు చేరితే, మీటరు పట్టా సుమారు అర మిల్లీమీటరు పెరుగుతుంది. సన్న రంపంతో కోసిన సందు దాదాపు అంతే ఉంటుంది. రెండు కొసలూ తాకుతాయి, మధ్యాహ్నం షార్ట్ అవుతుంది, రాత్రి చల్లబడగానే దానంతటదే పోతుంది. కోసిన రోజే సందులో ప్లాస్టిక్ ముక్క పెట్టి అంటించేస్తే ఈ బాధ ఉండదు.

కాజీపేట జంక్షన్‌ను నమూనాగా తీసుకునేవాళ్లు మరొకటి గమనించాలి. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ దిశల లైన్లను బల్ల మీద త్రికోణంగా కలిపితే, ఒక చోట ఎడమ పట్టా కుడి పట్టాను కలుస్తుంది. అక్కడ షార్ట్ తప్పదు. త్రికోణంలో ఒక భుజాన్ని రెండు చివరలా, రెండు పట్టాలూ కోసి వేరు చేసి, దానికి ప్లస్, మైనస్‌లను తారుమారు చేసే ఆరు కాళ్ల డీపీడీటీ స్విచ్ ద్వారా కరెంటు ఇవ్వాలి. ఆ భుజం మీ అన్నిటికంటే పొడవైన రైలు కంటే పొడుగ్గా ఉండాలి.

రెండు కంట్రోలర్లు వాడుతూ ఒక పట్టాను రెండింటికీ ఉమ్మడిగా పెడితే, రెండింటికీ వేర్వేరు అడాప్టర్లు ఉండి తీరాలి. ఒకే అడాప్టర్ పెడితే రెండు రైళ్లూ ఒకే దిశలో పోయినంతసేపు బాగానే ఉంటుంది, ఒకటి వెనక్కి తిప్పగానే షార్ట్.

4. పాయింట్ల దగ్గర

ఇంజన్ పాయింట్ మధ్యలో ఆగితే ముందు కదిలే బ్లేడు కొస చూడండి. బ్లేడు పట్టాకు ఆనడం ద్వారానే కరెంటు తీసుకునే పాయింట్లలో అక్కడ దుమ్ము పడితే చాలు. ఆల్కహాల్‌లో తడిపిన కాగితం ముక్కను బ్లేడుకూ పట్టాకూ మధ్య పెట్టి లాగండి. షార్ట్ అవుతూ ఆగితే చక్రాల లోపలి దూరం కొలవండి. హెచ్‌ఓలో అది సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువైతే చక్రం వెనక భాగం ఎదుటి బ్లేడును రాసుకుంటుంది.

సోలినాయిడ్ పాయింట్ మోటార్ (కాయిల్ అయస్కాంత శక్తితో పాయింట్‌ను కదిపేది) టక్కున కొట్టకుండా సగంలో ఆగిపోతుంటే దానికి కరెంటు చాలట్లేదు. ఆ కాయిల్స్ నిరోధం నాలుగైదు ఓమ్‌ల దగ్గర ఉంటుంది కాబట్టి ఒక్క క్షణానికి మూడు నాలుగు ఆంపియర్లు అడుగుతాయి. 2200 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటర్ ఉన్న డిశ్చార్జ్ యూనిట్ పెట్టండి. బటన్ ఇరుక్కుపోయినా కాయిల్ కాలిపోకుండా అదే కాపాడుతుంది. ఆ వైరింగ్ ముట్టుకునే ముందు కెపాసిటర్‌ను 5 వాట్ల బల్బు గుండా ఖాళీ చేయండి.

5. డీసీసీ అయితే

పట్టా వోల్టేజీని మీటర్ ఏసీ రేంజ్‌లో చూడండి. చవక మీటర్లు అసలు విలువ తప్పు చెప్పినా, చోటుకూ చోటుకూ తేడా చూడటానికి పనికొస్తాయి. ముఖ్యమైన పరీక్ష రూపాయి బిళ్లది. ప్రతి మీటరు దగ్గరా బిళ్లను రెండు పట్టాలకూ అడ్డంగా ఆనించండి. కమాండ్ స్టేషన్ (డీసీసీలో కంట్రోలర్ పని చేసే డబ్బా) వెంటనే కట్ అవ్వాలి. కట్ కాని చోట ఫీడర్ కావాల్సిందే, లేకపోతే నిజంగా షార్ట్ అయిన రోజు పూర్తి కరెంటు పారి చక్రాలు, డీకోడర్ (ఇంజన్‌లో ఉండి ఆదేశాలు అందుకునే చిప్) కాలిపోతాయి. ఒక్క ఇంజన్ మాత్రమే పలకకపోతే అడ్రస్ 3తో పిలిచి చూడండి, కొత్త డీకోడర్లు సాధారణంగా ఆ నంబరుతోనే వస్తాయి.

6. ఇప్పుడు ఇంజన్

పై వరుసలో ఎక్కడా లోపం దొరక్కపోతే ఇంజన్‌ను తిరగేసి, డీసీలో అయితే కంట్రోలర్ వైర్లను నేరుగా ఎడమ, కుడి చక్రాలకు ఆనించండి. ఒక జత చక్రాలకు తిరిగి, మరో జతకు తిరగకపోతే ఆ రెండో జత పికప్ రేకు (చక్రం నుంచి కరెంటు తీసుకునేది) చక్రాన్ని తాకట్లేదు. దాన్ని కాస్త వంచితే సరిపోతుంది. ఏ జతకూ తిరగకపోతే చక్రాల మీది నల్లటి మురికిని ఆల్కహాల్‌తో తుడిచి, అప్పుడు మోటార్ బ్రష్‌లు విప్పి చూడండి.