ప్రయోగాత్మక బ్యాండ్ పాత రికార్డింగులను, ప్రదర్శనలను క్రోడీకరించడం ఎలా?

విశాఖపట్నంలో స్వతంత్రంగా పనిచేసిన ఒక ప్రయోగాత్మక బ్యాండ్ చరిత్రను కూర్చదలచినవారు ముందుగా క్యాసెట్లను కాపాడాలి, ఎందుకంటే సముద్రపు గాలిలోని తేమ వల్ల టేపుకు ఇక్కడ సులువుగా బూజు పడుతుంది. బూజు పట్టిన క్యాసెట్‌ను శుభ్రం చేయకుండా ప్లేయర్‌లో పెడితే ఆ బూజు టేపును చదివే భాగమైన హెడ్‌కు అంటుకొని తరువాతి క్యాసెట్లకూ పాకుతుంది. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పైస్థాయి ధ్వనులు స్పష్టంగా వినిపించేవరకు దాని వాలును సరిచేసి, ధ్వనిని కుదించకుండా దాచే వేవ్ ఫైలుగా, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ నాణ్యతతో కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎంపీ3 ధ్వనిలో కొంత భాగాన్ని వదిలేస్తుంది కనుక వినడానికి చాలు గాని, భద్రపరచడానికి పనికిరాదు.

అసలు కష్టం ఆ తరువాతే మొదలవుతుంది. ఇటువంటి సంగీతంలో ఆంప్లిఫయర్ హోరు, మైకు కీచు కూడా రచనలో భాగం కావచ్చు కాబట్టి, నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను మూలప్రతిపై ఎన్నడూ ప్రయోగించరాదు. ఏది టేపు దోషమో, ఏది కావాలని చేసినదో వాయించినవారినే అడిగి, వారి మాటను ఫైలుతో పాటే రాసి ఉంచాలి. మొత్తం సేకరణలో ఈ వ్యాఖ్యలే అత్యంత విలువైనవని నా అభిప్రాయం, ఎందుకంటే వాటిని మరే యంత్రమూ తిరిగి రాబట్టలేదు.

ప్రదర్శనల తేదీలను జ్ఞాపకం మీద మాత్రమే ఆధారపడి నిర్ణయించకుండా కరపత్రాలతో, టికెట్లతో, గురజాడ కళాక్షేత్రం వంటి వేదికల రసీదులతో సరిపోల్చాలి. ఏ ఆధారమూ దొరకనప్పుడు, ఆ కచేరీ 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానుకు ముందా, తరువాతా అని అడిగితే నగరవాసులు తరచుగా తడుముకోకుండా చెప్పగలుగుతారు. ఆశువుగా వాయించిన అంశాల పేర్లు మారుతుంటాయి కనుక ఫైలుకు తేదీని, వేదికను పేరుగా పెట్టాలి.

మూడు ప్రతులు తీసి, ఒకదానిని తీరానికి దూరంగా ఉన్న ఊళ్లో ఉంచాలి.