కొండవార ఆదిమానవుల జాడలను ఎలా వెతకాలి?

శేషాచలం, నగరి కొండల్లో తొలి మానవుల ఆవాసాల జాడ వెతకాలనుకునేవారు ముందుగా శిఖరాల మీది నుంచి చూపు దించుకోవాలి. ఏటవాలున పడిన పనిముట్లు వానలకు కిందికి కొట్టుకువస్తాయి. పైగా ఆ మనుషులకు కావలసిన రాయి, నీరు, వేట ఒక్కచోట దొరికేది వంకలు కొండ దిగి మైదానంలోకి వచ్చే చోటనే. రేణిగుంట ప్రాంతంలో రాళ్లకాలువ వెంట 1960ల్లో పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి పరిశీలించిన చివరి పాతరాతియుగపు బ్లేడులు (పొడవాటి సన్నని రాతి పెచ్చులు), బ్యూరిన్లు (ఉలి మొన గల చెక్కుడు పనిముట్లు) అటువంటి చోట్లవే.

కాబట్టి పని ఇంట్లోనే, సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటం ముందు మొదలవుతుంది. వంకలు, ఊటలు, గవులు (గుహలు), గులకరాళ్ల మేటలు పటం మీద గుర్తుపెట్టుకోవాలి. తరువాత, గుర్తించిన చోటు రిజర్వు అడవిలో ఉంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ఎర్రచందనం దొంగల కోసం కాపు కాసే చోట సంచీ వేసుకుని తిరుగుతూ, రాళ్లు చూడటానికి వచ్చామంటే ఎవరూ నమ్మరు. కొత్తవారికి చేను గట్లు, వంక ఒడ్లు చాలు.

గొర్రెల కాపరులను తప్పక అడగాలి. అయితే వారు చూపే 'పాండవ గుళ్లు' ఇనుపయుగం నాటి బండరాళ్ల సమాధులు. పాతరాతియుగంతో పోలిస్తే అవి నిన్న మొన్నటివి.

నేల మీద ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ, నాలుగైదు అడుగుల ఎడంతో వరుసలుగా నడవాలి. ఇక్కడి పనిముట్లలో ఎక్కువ భాగం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతివే. మనిషి కొట్టి తీసిన పెచ్చును తిప్పి చూస్తే, దెబ్బ తగిలిన అంచున చిన్న చదును, దాని కిందనే బొటనవేలికి తగిలే ఉబ్బు, అక్కడి నుంచి చెరువులో రాయి వేసినప్పటి అలల్లా పరుచుకున్న వంపులు కనిపిస్తాయి. చేతి గొడ్డలికి పిడి ఉండదు. అది బాదంపప్పు ఆకారంలో, రెండు ముఖాలా చెక్కి ఉంటుంది. వాగులో దొర్లిన రాయికి ఒకటి రెండు పెచ్చులు లేచినా ఆ వరుస కుదరదు. నేను మొదటిసారి మురిసిపోయి ఫొటో తీసుకున్న 'గొడ్డలి' క్రషర్ నుంచి జారిపడిన కంకర. కొత్తగా పగిలిన తెల్లని ముఖం చూసైనా అనుమానించవలసింది.

పనిముట్టు అనిపించినదాన్ని జేబులో వేసుకోకూడదు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, జీపీఎస్ స్థానం, అది నేల మీద పడి ఉందా, గట్టు కోతలో ఏ పొర నుంచి బయటికి పొడుచుకు వచ్చిందా అన్నది రాసుకోవాలి. ఎందుకంటే వయసు చెప్పేది రాయి కాదు, పొర. తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా అత్తిరంపాక్కంలో చేతి గొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని, మధ్య పాతరాతియుగపు పనితనం సుమారు 3,85,000 ఏళ్ల కిందటే మొదలైందని తేల్చగలిగింది పొరలు చెదరకుండా ఉన్నందువల్లనే. పొరలోని ఇసుకరేణువులు చివరిసారి ఎండ చూసిన కాలాన్ని లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. గట్టును ఊరికే గీకితే ఆ రేణువులకు మళ్లీ వెలుగు తగిలి కొలత చెడుతుంది.

తవ్వకానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి గనుక, వివరాలను పురావస్తుశాఖకు గానీ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని పురావస్తు అధ్యాపకులకు గానీ అందజేసి, తొలకరి వెలిశాక అదే గట్టును మరోసారి చూసి రావాలి. వాన కడిగిన చోట కొత్త అంచులు బయటపడతాయి.