నేవీ పైలట్ కావాలంటే ఇంటర్‌లోనే చూసుకోవాల్సినవి

నేవీలో చేతక్ హెలికాప్టర్ల మెకానిక్‌గా చేసి దేవరకొండకు తిరిగొచ్చాను. ఇక్కడి ఇంటర్ పిల్లలు "అన్నా, పైలట్ కావాలంటే ఏం చదవాలె?" అంటారు. వాళ్ల నాన్నలు మాత్రం "అడ్మిరల్ దాకా పోతాడా?" అంటారు.

ముందు రెండో ప్రశ్నే తేల్చుకోండి, దారి చీలేది అక్కడే. బీటెక్ చేసి షార్ట్ సర్వీస్‌లో పైలట్ కావచ్చు. కానీ అది పొడిగించినా పద్నాలుగేళ్లే. అడ్మిరల్ ర్యాంకుకు ఆ కాలం చాలదు. అంత దూరం చూసేవాళ్లు ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్ష రాయాలి. ఎంపీసీ సెకండియర్‌లో ఉండగానే రాయొచ్చు, యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెడుతుంది. 2021 నుంచి అమ్మాయిలూ రాస్తున్నారు. లెక్కలకు 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. ఎంసెట్‌కు చదివే పిల్లలకు లెక్కలు కొత్తేం కాదు, కాకపోతే ఇక్కడ నెగెటివ్ మార్కులుంటాయి. మనవాళ్లు దెబ్బ తినేది జనరల్ ఎబిలిటీలోని 200 మార్కుల ఇంగ్లిష్ దగ్గర. ఆ టెన్షన్ ఫస్టియర్‌లోనే పడితే మంచిది.

కోచింగ్‌కు డబ్బు కట్టకముందు ఒళ్లు చూపించుకోండి. కంటి డాక్టర్ దగ్గర రంగుల చుక్కల పుస్తకం ఉంటుంది, అందులో అంకెలు కనపడకపోతే పైలట్ ఆశ అక్కడితో సరి. నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడండి. మెడికల్‌లో గట్టి పళ్లను లెక్కగట్టి పాయింట్లు వేస్తారు, కనీసం 14 రావాలి. మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలైతే ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, పళ్లతో పాటు ఎముకలు కూడా చూపించుకోవాలి.

రాత పరీక్ష గట్టెక్కితే ఎస్‌ఎస్‌బీ, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు ఇంటర్వ్యూ. ఐదు రోజులు, 900 మార్కులు. 60 మాటలు ఒక్కొక్కటిగా చూపిస్తారు, ఒక్కోదానికి 15 సెకన్లలో వాక్యం రాయాలి. బట్టీ పట్టిన వాక్యాలు ఆ వేగంలో గుర్తుకు రావు. గ్రూపు పనుల్లో గట్టిగా అరిస్తే లీడర్ అనుకుంటారన్నది మన భ్రమ.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష జీవితంలో ఒక్కసారే. ఎన్‌డీఏ ఫారంలో ఎయిర్ ఫోర్స్ కూడా పెడితే అది ఎస్‌ఎస్‌బీ అప్పుడే వస్తుంది. అందులో తప్పితే తర్వాత నేవీలోనూ పైలట్ సీటు రాదు.

ఎన్‌డీఏలో మూడేళ్లు, తర్వాత కేరళలోని ఎజిమల నేవీ అకాడమీ, ఓడల మీద శిక్షణ. ఫ్లయింగ్ ఆ తర్వాతే. నేవీ తొలి మహిళా పైలట్ శివాంగి మొదట నేర్చింది మన దుండిగల్‌లోనే, 2019 డిసెంబర్‌లో వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) అందుకున్నారు. హెలికాప్టర్ శిక్షణ అరక్కోణంలో.

వింగ్స్ వచ్చాయని ఓడ వదిలిపెట్టదు. పైలట్ ఆఫీసర్లు వాచ్ కీపింగ్ టికెట్ (డ్యూటీలో ఓడను చూసుకునే అర్హత) కోసం రాత్రిళ్లు ఓడ నడిపే గది, అదే బ్రిడ్జి మీద నిలబడటం నేను చూశాను. అడ్మిరల్ కరంబీర్ సింగ్‌నే చూడండి, 1982లో హెలికాప్టర్ పైలట్ అయ్యారు. చేతక్, కామోవ్ నడిపారు. విజయదుర్గ్, రాణా, ఢిల్లీ ఓడలకు కెప్టెన్‌గా చేశారు. విశాఖలో తూర్పు నౌకాదళాన్ని చూసుకుని, 2019లో నేవీ చీఫ్ అయ్యారు. హెలికాప్టర్ పైలట్లలో ఆ కుర్చీ ఎక్కిన తొలి వ్యక్తి ఆయనే. 1971 యుద్ధంలో ఎయిర్ ఫోర్స్ హంటర్ విమానం నడిపి వీర్ చక్ర పొందిన నేవీ పైలట్ అరుణ్ ప్రకాశ్ కూడా విమాన వాహక నౌక విరాట్‌ను నడిపాకే నేవీ చీఫ్ అయ్యారు. కమాండర్ వరకు ర్యాంకు సర్వీసును బట్టి వస్తుంది, కెప్టెన్ నుంచి సెలక్షన్ బోర్డే. ఆ బోర్డు ముందు ఎగిరిన గంటలతో పాటు ఓడ నడిపిన రికార్డు కూడా ఉండాలి.

విమానం తప్ప ఓడ వద్దనే పిల్లలకు ఎయిర్ ఫోర్సే ఫస్ట్ ప్రిఫరెన్స్ పెట్టమంటాను.