పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ గొడవ ఇలా వదిలింది

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకలు కొనే విదేశీ పార్టీల ఇంగ్లీషు మెయిళ్లు చూడటం నా పని. వాటిల్లో పెద్ద పెద్ద మాటలేం ఉండవు. పుట్, గెట్, టేక్, కాల్, అంతే. చిక్కంతా వాటి వెనక తగిలే ఆఫ్, అప్ లాంటి తోక దగ్గరే, దాంతో అర్థమే మారిపోతుంది. లోడింగ్ 'పుట్ ఆఫ్' అంటే వాయిదా, 'కాల్ ఆఫ్' అంటే ఏకంగా రద్దు. మొదటిదానికి లారీ ఆపితే చాలు, రెండోదానికి కంటైనర్ బుకింగే వదులుకోవాలి.

అందుకని క్రియలవారీగా బట్టీ పట్టడం మానేశా. మెయిల్లో వచ్చిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో ఎక్కించి, పక్కన మేం చేసిన పని రాస్తున్నా. 'రన్ అవుట్ ఆఫ్' పక్కన "చెక్క పెట్టెలు అయిపోయినయి" అని ఉంటుంది. వేరే అర్థం అక్కర్లేదు. 'కొట్టేశాడు' అంటే దొంగతనమని మనం మాత్రం పుస్తకంలో చూసి నేర్చుకున్నామా!

జవాబులు రాసేప్పుడు బాగా పనికొచ్చింది ఇంకొకటి: ఇట్, దెమ్ లాంటివి మధ్యలో దూరాలి. 'పుట్ ఇట్ ఆఫ్' సరే, 'పుట్ ఆఫ్ ఇట్' కుదరదు. 'లుక్ ఆఫ్టర్'ని (బాగోగులు చూసుకోవడం) మాత్రం విడగొట్టకూడదు, 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనాలి. 'పుట్ అప్ విత్' (భరించడం) లాంటి మూడు ముక్కలవీ అంతే. 'పిక్ అప్'కి మాత్రం సగం పేజీ ఖాళీ వదిలా: సరుకు తీసుకెళ్లడానికీ అదే, గిరాకీ పుంజుకోడానికీ అదే.